రెండు రంగుల స్లాబు

2017 మార్చిలో నన్ను జగ్గయ్యపేట దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీకి నాణ్యతా విభాగం అధిపతిగా బదిలీ చేశారు. హోదా సీనియర్ మేనేజరు. ఫ్యాక్టరీలో అందరూ కెమిస్టు గారనే పిలిచేవారు. నా కింద ఒక సైన్యం పనిచేసేదని బంధువుల దగ్గర చెప్పుకుంటూ ఉంటాను. ఆ సైన్యంలో షిఫ్టుకు ఇద్దరు కెమిస్టులు, పరీక్ష కోసం సిమెంటు క్యూబులు పోసే ఒక మనిషి, ఒక ఎక్స్‌రే యంత్రం ఉండేవి. యంత్రం ఏసీ లేకపోతే పనిచేసేది కాదు. మిగతా ముగ్గురూ ఏసీ ఉన్నా లేకపోయినా పనిచేసేవారు కాబట్టి వాళ్లకు ఏసీ ఉండేది కాదు.

సిమెంటు పనిలో కెమిస్టుకు ఏం పని ఉంటుందని చాలామంది అడుగుతారు. జగ్గయ్యపేట చుట్టుపక్కల భూమిలో దొరికే సున్నపురాయిని పొడిచేసి, మన్ను, కాస్త ఎర్రటి లేటరైటు రాయి కలిపి, కిల్ను అనే పెద్ద తిరిగే గొట్టంలో కాలుస్తారు. అందులోంచి నల్లటి గోలీల్లాంటి ఉండలు వస్తాయి. వాటిని క్లింకరు అంటాం. క్లింకరుకు జిప్సం చేర్చి మెత్తగా రుబ్బితే సిమెంటు. వీటిలో దేని పాలు ఎంతుండాలో చూసేవాడు కెమిస్టు. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు అతన్ని ఎవరూ తలుచుకోరు.

లేటరైటు ఎందుకంటే ఇనుము కోసం. సిమెంటంటే సున్నమేనని జనం అనుకుంటారు. సున్నం పాలు ఎక్కువన్న మాట నిజమే. అయితే కిల్నులో పదార్థం కాస్త తక్కువ వేడికే కరిగి ఒకదానికొకటి అంటుకునేలా చేసేది ఇనుము. సిమెంటుకు ఆ ఆకుపచ్చ జీర ఉన్న బూడిద రంగు తెచ్చేదీ అదే. ఇనుము లేకుండా చేస్తే తెల్ల సిమెంటు వస్తుంది.

ఇనుము పుట్టిన ఇంటిని పాఠ్యపుస్తకాల్లో పరివర్తన మూలకాలు అంటారు. స్కాండియం దగ్గర మొదలయ్యే పెద్ద కుటుంబం అది. టైటానియం, వనాడియం, క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి. కింది వరసల్లో వెండి, టంగ్‌స్టను, ప్లాటినం, బంగారం. గట్టిగా ఉండటం, బరువుగా ఉండటం, ఓ పట్టాన కరగకపోవడం, దెబ్బకు ముక్కలు కాకుండా సాగడం, కరెంటునీ వేడినీ మోయడం, ఒకదాంతో ఒకటి కలిసి మిశ్రలోహాలు కావడం వీటి ఇంటి లక్షణాలు. ఆ కుటుంబమంతా మా ఫ్యాక్టరీలోనే ఉద్యోగం చేసేది. రాళ్లు పగలగొట్టే క్రషర్ సుత్తులు మాంగనీసు ఉక్కువి. కొట్టేకొద్దీ అరగడానికి బదులు ఇంకా గట్టిపడతాయి. రుబ్బే మిల్లులోని గుండ్లు క్రోమియం కలిపినవి. మా ల్యాబులో శాంపిళ్లు కాల్చే గిన్నె ప్లాటినంది. ఎంత వేడికీ చలించేది కాదు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి నా మొలతాడుకు కట్టుకునేవాణ్ణని చెబుతుంటాను. తాళంచెవి టేబులు సొరుగులో ఉండేది. సొరుగుకు తాళం లేదు.

కొత్తగా చేరిన ఇంజినీర్లకు నేనొక చిక్కుప్రశ్న వేసేవాణ్ణి. కన్వేయరు బెల్టు మీద ఇనప ముక్కలు పట్టడానికి పెద్ద అయస్కాంతం వేలాడుతుంది కదా, గనిలో తవ్వే జేసీబీ బకెట్టు పన్ను ఊడి బెల్టు మీద పడితే అది ఎందుకు దొరకదు? వాళ్లు తెల్లమొహం వేసేవారు. పన్ను మాంగనీసు ఉక్కు. ఇనుము అయస్కాంతానికి అంటుతుంది గానీ, పాళ్లు చూసి మాంగనీసు కలిపితే ఆ గుణం మరిచిపోతుంది. అందుకే అయస్కాంతంతో పాటు మెటల్ డిటెక్టరు కూడా పెడతారు. ఈ ప్రశ్న నా సొంతం కాదు. నేను చేరిన రోజు మా పై అధికారి నన్నడిగింది. నేనూ తెల్లమొహమే వేశాను.

ఇవన్నీ కంటికి కనబడే గుణాలు. అసలు తమాషా లోపల ఉంటుంది. సోడియం లాంటి లోహం ఒకటే వేలెన్సీతో బతుకు వెళ్లదీస్తుంది. పరివర్తన లోహాలు పై గూటి ఎలక్ట్రాన్లతో పాటు లోపలి గూటివి కూడా ఇవ్వగలవు. కాబట్టి ఒకే ఇనుము ఒకచోట రెండు ఇచ్చి ఫెర్రస్ అవుతుంది, ఇంకోచోట మూడు ఇచ్చి ఫెర్రిక్ అవుతుంది. మాంగనీసు ఏడు దాకా వెళుతుంది. వేలెన్సీ మారితే చాలా వరకు రంగూ మారుతుంది. వంగపండు రంగు పర్మాంగనేటు పని ముగిసేసరికి నీళ్లలా తేటపడుతుంది. నారింజ రంగు డైక్రోమేటు ఆకుపచ్చగా తిరుగుతుంది. ల్యాబులో మా సగం ఉద్యోగం ఈ రంగు ఎప్పుడు మారుతుందా అని బ్యూరెట్టు కింద చూస్తూ కూర్చోవడమే. ఇంకో గుణం కూడా ఉంది. వీటిలో చాలా లోహాలు తాము ఖర్చు కాకుండా పక్కవాటి చేత పని చేయిస్తాయి. ఉత్ప్రేరకాలంటారు. నూనెను వనస్పతిగా మార్చేచోట నికెలు చేసేది ఆ పనే. ఈ లక్షణం నాకు కొందరు మేనేజర్లలో కూడా కనిపించింది.

నేను చేరిన మరుసటి నెలలో, ఎండలు ముదురుతుండగా, నందిగామ డీలరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. సిమెంటు ఎర్రగా వస్తోందని మేస్త్రీలు గొడవ చేస్తున్నారన్నాడు. ఇలాంటి ఫోన్లకు మా వృత్తిలో తరతరాలుగా ఒకటే జవాబు. నేనూ అదే చెప్పాను. "రంగుకీ బలానికీ సంబంధం లేదండీ. రాయి మారితే రంగు మారుద్ది. వాడుకోమనండి." అతను సరేనని పెట్టేశాడు. ఒక సమస్యను ఒక్క నిమిషంలో తేల్చేశానని ఆ పూట భోజనం తృప్తిగా తిన్నాను.

రెండు రోజుల తర్వాత గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ ఫోను. నందిగామ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, కెమిస్టు గారిని చూడందే వెళ్లనంటోంది అని. పేరు రత్నకుమారి. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యారు. నందిగామలో తన ఇంటి మీద పెద్ద హాలు కట్టిస్తున్నారు. పదో తరగతి తప్పిన పిల్లలను అక్కడ కూర్చోబెట్టి మళ్లీ పరీక్షకు పంపాలని ఆవిడ ఆలోచన. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి స్లాబు పోశారట. మధ్యాహ్నం భోజనాల వేళకు పాత బస్తాలు అయిపోయి కొత్త లారీ బస్తాలు విప్పారట. తెల్లారి చూస్తే సగం స్లాబు పచ్చ జీర బూడిద రంగు, సగం గోధుమ రంగు. మధ్యలో గీత గీసినట్టుంది.

ఆవిడ స్టీలు టిఫిన్ బాక్సు తెరిచి నా బల్ల మీద రెండు కాంక్రీటు పెళ్లలు పెట్టారు. స్లాబు అంచు నుంచి కొట్టినవి.

"వీటిల్లో మీది ఏదండీ?"

"రెండూ మావేనమ్మా."

"ఒక తల్లి పిల్లలకి ఇంత తేడా ఎందుకొచ్చింది మరి? మా మేస్త్రీ కోటయ్య మట్టి కలిపారంటున్నాడు."

నేను కుర్చీలో వెనక్కి వాలి ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇనుము, వేలెన్సీలు, కిల్నులో గాలి చాలినంత ఉంటే ఇనుము ఫెర్రిక్కుగా ఉంటుందని, గాలి తగ్గితే ఫెర్రస్సుగా మారుతుందని, ఫెర్రస్ ఎక్కువైన క్లింకరు గోధుమ రంగులో ఉంటుందని చెప్పుకుపోతున్నాను. ఆవిడ చెయ్యి ఎత్తారు. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాణ్ణి ఆపేటట్టు ఆపారు.

"ఆగండాగండి. తుప్పు ఎర్రగా ఉంటది, అది ఫెర్రిక్కు. అన్నభేది లేతాకుపచ్చగా ఉంటది, అది ఫెర్రస్సు. పాతికేళ్లు పిల్లల చేత ఇదే వల్లెవేయించా. మీరేమో తలకిందులుగా చెబుతున్నారు. తప్పు ఎవరిది, నాదా మీదా?"

నేను వెంటనే తడుముకోకుండా సమాధానం చెప్పానని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. జరిగింది వేరు. టీ తెప్పించాను. మా క్యాంటీను టీ రావడానికి పట్టే సమయం ఆలోచించుకోవడానికి బాగా సరిపోతుంది.

టీ వచ్చాక చెప్పాను. "ఇద్దరిదీ తప్పు లేదు టీచరు గారూ. పరివర్తన లోహం రంగు దాని వేలెన్సీ ఒక్కదాని మీదే ఆధారపడదు. దాని చుట్టూ ఎవరు కూర్చున్నారన్నదీ లెక్కే. మైలుతుత్తం నీలంగా ఉంటుంది, వేడిచేసి అందులోని నీళ్లు తోలేస్తే తెల్లబడుతుంది, అమ్మోనియా పోస్తే ముదురు నీలమవుతుంది. మూడింటిలోనూ రాగి వేలెన్సీ ఒకటే. అలాగే తుప్పులో ఫెర్రిక్కు పక్కన ఉండే ఇరుగుపొరుగు వేరు. సిమెంటులో సున్నం, అల్యూమినాల మధ్య కూర్చున్న ఫెర్రిక్కు నల్లగా కనిపిస్తుంది."

"సంశ్లిష్టాలు, కాంప్లెక్సులు," అన్నారు ఆవిడ తల ఊపి. "పుస్తకంలో పరివర్తన అన్నారు గానీ, మా చర్చిలో మారుమనస్సు అంటారు. చుట్టుపక్కలవాళ్లని బట్టి రంగు మారేదాన్ని ఏమనాలో మాత్రం పాస్టరు గారిని అడగాల."

నాకు ధైర్యం వచ్చింది. గంటకోసారి క్లింకరు ల్యాబుకు వస్తుంది. డబ్బాలో పోసి లీటరు బరువు చూస్తాం. సరిగ్గా కాలితే బరువు తూగుతుంది. ఆ డబ్బాలోంచి ఒక ఉండ తీసి సుత్తితో కొట్టాను. పైన బొగ్గులా నలుపు, లోపల తాటిబెల్లం రంగు. ఆ లోపలి పొడిని ఆమ్లంలో కరిగించి వడబోసి, పొటాషియం ఫెర్రిసయనైడు సీసా ఆవిడ ముందుకు జరిపాను. పదవీ విరమణ తర్వాత చేతికి దొరికిన మొదటి డ్రాపరు అనుకుంటాను, ఆవిడ దాన్ని కాసేపు వేళ్ల మధ్య తిప్పి చూసుకున్నారు. ఒక్క చుక్క వేశారు. గాజు గొట్టంలో చిక్కటి నీలం దిగింది. ఫెర్రస్ ఉందని దానర్థం. ల్యాబంతా చప్పట్లు మోగాయని రాద్దామనుకున్నాను. ఉన్నది మేమిద్దరమే, షిఫ్టు కెమిస్టులు, క్యూబులు పోసే నాగరాజు భోజనానికి వెళ్లారు.

"చూశారుగా," అన్నాను. "మట్టి లేదు. రంగుకీ బలానికీ..."

"నేను బలం గురించి ఇంకా అడగలేదండీ," అన్నారు ఆవిడ, గొట్టాన్ని స్టాండులో పెడుతూ. "ఇప్పుడు అడుగుతున్నా. ఇనుముకి గాలి అందలేదు, ఫెర్రస్సయింది. బాగుంది. పొయ్యిలో గాలాడక పొగచూరితే మన ఇంట్లో అన్నం సరిగ్గా ఉడుకుద్దా? ఇనుము ఒక్కటే మారిందా, మిగతా సరుకు కూడా పచ్చిగా ఉండిపోయిందా? నా స్లాబు కింద ముప్ఫై మంది పిల్లలు కూర్చుంటారు. ఉంచుకోనా, కొట్టించెయ్యనా?"

దీనికి టీ తెప్పించినా లాభం లేదు. నాకు తెలియదు. గాలి తక్కువైన కిల్నులో ఫెర్రస్ ఇనుము, బలాన్నిచ్చే పదార్థంలోకి దూరి, చల్లారేటప్పుడు దాన్ని విడగొట్టగలదు. అప్పుడు సిమెంటు తొందరగా బలం పుంజుకోదు. ఎంత తగ్గుతుందన్నది గాలి ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్నిసార్లు ఏమీ తగ్గదు. మా ఎక్స్‌రే యంత్రం ఇనుము ఎంత ఉందో చెబుతుంది గానీ ఏ వేలెన్సీలో ఉందో చెప్పదు. అందుకే తెర మీద అంకెలన్నీ ముద్దుగా ఉన్నాయి. క్లింకరు ఉండ మాత్రం లోపల బెల్లంలా ఉంది.

"నాలుగు వారాలు ఆగండి," అన్నాను. "ఊడదీయొద్దు, కొట్టొద్దు. స్లాబు మీద నీళ్లు మాత్రం ఆరనివ్వొద్దు. కింద సెంట్రింగు కర్రలు, రేకులు అలాగే ఉంచండి. నేను చెప్పిన తర్వాత తీయండి."

"చెబుతారా?"

"చెబుతాను."

"రంగు సంగతి కాదు."

"బలం సంగతే."

ఆవిడ టిఫిన్ బాక్సు మూసుకుని వెళ్లిపోయారు. పెళ్లలు రెండూ నా బల్ల మీదే వదిలేశారు. మరిచిపోయి కాదనే నా అనుమానం.

ఆ సాయంత్రం కంట్రోల్ రూములో విచారిస్తే విషయం తేలింది. కిల్ను నుంచి గాలిని లాగే పెద్ద ఫ్యాను బేరింగు వేడెక్కుతోందని దాన్ని తగ్గించి నడుపుతున్నారు. గాలి తగ్గించినప్పుడు ఉత్పత్తి కూడా తగ్గించాలి. అది తగ్గలేదు. దానికి తోడు బొగ్గు మిల్లు నుంచి పొడి కాస్త బరకగా వస్తోంది. బరక బొగ్గు గాల్లో కాలకుండా క్లింకరు మీద పడి అక్కడ కాలుతుంది. ఎక్కడ కాలితే అక్కడి ఆక్సిజన్ లాగేసుకుంటుంది.

జనరల్ మేనేజరు గారి గదికి వెళ్లాను. ఆయనకు అప్పటికే డీలర్ల ఫోన్లు వెళ్లాయి. "షేడ్ వేరియేషన్ అని ఒక మాట చెప్పి పంపించెయ్యవయ్యా ఆవిణ్ణి. రంగు తేడా అంటే జనం ఒప్పుకుంటారు. దీనికి ఇంత రాద్ధాంతమెందుకు?" అన్నారు.

ఇక్కడ నేను బల్ల గుద్ది, నా సంతకం అమ్మకానికి లేదన్నానని మా బావమరిది అనుకుంటున్నాడు, ఎందుకంటే అతనికి అలాగే చెప్పాను. బల్ల గుద్దలేదు. దాని మీద ఆయన టీ గ్లాసు ఉంది. నేనన్నది ఇదే: "సార్, షేడ్ వేరియేషన్ అన్నమాట నిజమే. ఆవిడ అడిగింది అది కాదు. క్యూబులు పగిలేదాకా నేను బలం గురించి నోరు విప్పలేను."

ఆయన ఫోను ఎత్తి ఆ ఫ్యాను బాగయ్యేదాకా కిల్ను వేగం తగ్గించమన్నారు. గోధుమ రంగు క్లింకరును విడిగా కుప్ప పోయించమన్నారు. ఫోను పెట్టి నావైపు తిరిగారు. "ఆవిడ స్లాబు కొట్టించిందనుకో, ఆ మాట నందిగామలో ఆగదు. గరికపాడు చెక్‌పోస్టు దాటి హైదరాబాదు దాకా పోద్ది. అందుకని చెబుతున్నా, నీ క్యూబులు ఏం చెబితే అది నాకు ముందు చెప్పు." నాకన్నా ఆయన ఎక్కువ భయపడ్డారని అప్పుడే అర్థమైంది. భయపడి సరైన పని చేసే అధికారులు అరుదు కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను.

క్యూబుల పద్ధతి ఇది. ప్రతిరోజూ బస్తాల్లోకి వెళ్లే సిమెంటు నుంచి శాంపిలు తీసి దాస్తాం. బస్తా మీద ముద్రించిన వారం సంఖ్యను బట్టి అందులో ఏ సిమెంటు ఉందో తెలుస్తుంది. టీచరు గారి చేత ఖాళీ బస్తాల మీది సంఖ్యలు ఫోనులో చదివించుకుని ఆ శాంపిళ్లు బయటికి తీయించాను. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ప్రామాణిక ఇసుక కలిపి, చిన్న క్యూబులు పోసి, నీళ్లలో ఉంచుతాం. మూడో రోజు కొన్ని, ఏడో రోజు కొన్ని, ఇరవై ఎనిమిదో రోజు కొన్ని యంత్రంలో పెట్టి నొక్కి పగలగొడతాం. చివరి రోజు అంకెనే లోకం నమ్ముతుంది.

మూడో రోజు గోధుమ రంగు క్యూబులు బూడిద రంగు వాటికన్నా తక్కువ ఒత్తిడికే పగిలాయి. నిబంధన కన్నా పైనే ఉన్నాయి గానీ, మా సిమెంటుకు అలవాటైన బలం కన్నా బాగా కింద ఉన్నాయి. ఏడో రోజు తేడా కొంచెం తగ్గింది. ఆ రాత్రుళ్లు నేను హాయిగా నిద్రపోయానని చెప్పుకోవడం నాకిష్టం. ఆ సంగతి వదిలేద్దాం.

రెండు వారాలు దాటాక టీచరు గారి ఫోను. "కోటయ్య సెంట్రింగు ఊడదీస్తానని గొడ్డలి తెచ్చి కూర్చున్నాడు. మీరొకసారి రావాల." రీబౌండ్ హ్యామరు సంచిలో వేసుకుని వెళ్లాను. కాంక్రీటు మీద నొక్కితే లోపలి స్ప్రింగు ఎగిరి ఎంత వెనక్కి తన్నిందో చూపించే పరికరం అది. దెబ్బకు గట్టి కాంక్రీటు ఎక్కువ తంతుంది.

ఇంటి ముందు కోటయ్య మేస్త్రీ కర్రల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"కెమిస్టు గారూ, మీ కంపెనీ సరుకులో మట్టుందని నేను తొలిరోజే చెప్పా. ఏదాద్రి నరసిమ్మసామి మీద ఒట్టు, నా ఇసకలో మన్నుంటే నా చేతులు పడిపోవాల. ముప్పయ్యేళ్ల సర్వీసు నాది. సిమెంటు పచ్చగా ఉంటేనే గట్టిది. ఏలితో రుద్దితే చెప్పేస్తా."

"సరే మేస్త్రీ, ఇప్పుడు సెంట్రింగు తీయడం దేనికి?"

"చందర్లపాడులో స్లాబు ఒప్పుకున్నానండి. పార్టీ ఫోను మీద ఫోను. రేకులు, జాకీలు అన్నీ ఈడే ఇరుక్కుపోయినయ్."

మెట్ల మీద నుంచి టీచరు గారు దిగి వచ్చారు. "కోటయ్యా, స్లాబులో మట్టి ఉందంటివి."

"ఉందమ్మా."

"మట్టి స్లాబు కింద కర్రలు తీస్తానంటివి."

"అవునమ్మా, రేపు పొద్దున్నే..." అని ఆగిపోయాడు కోటయ్య.

"తీసేటప్పుడు కింద ఉండేది ఎవరు? నువ్వేగా?"

కోటయ్య తలగోక్కున్నాడు. స్లాబు వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. "మట్టంటే... మరీ అంత మట్టి కాదమ్మా."

"ఎంత మట్టి?"

"రంగు మట్టుకే మట్టి."

టీచరు గారు నవ్వేశారు. ఆ నవ్వులో కోపం కూడా ఉంది. "విన్నారా కెమిస్టు గారూ? మీకు రంగుకీ బలానికీ సంబంధం లేదు. ఈయనకి రంగు మట్టుకే మట్టి. పోతపోసింది ఈయన, సరుకు పంపింది మీరు. ఇద్దరూ రంగు దగ్గరే ఆగారు. కింద కూర్చునే పిల్లల తరఫున ఎవరు మాట్లాడతారు?"

మేమిద్దరం ఆవిడ క్లాసులో బెంచీ ఎక్కినవాళ్లలా నిలబడ్డాం. తర్వాత పైకెక్కి హ్యామరు పెట్టి చూశాను. బూడిద సగం మీద ఒక వరస, గోధుమ సగం మీద ఒక వరస. గోధుమ వైపు అంకెలు కాస్త తక్కువ. కోటయ్య నా భుజం మీదుగా చూస్తున్నాడు. అతనికి అంకెలు అర్థం కావని నేను అనుకోలేదు. ఏది తక్కువో చూసినవాడికెవరికైనా తెలుస్తుంది. "ఉంచుదాం లెండి," అన్నాడు మెల్లగా. "చందర్లపాడు వాళ్లకి ఏదోటి చెబుతా."

అతనికి రేకులు, జాకీలు మా ఫ్యాక్టరీ సివిల్ స్టోరు నుంచి పంపించాను. ఈ వాక్యం చదివి నా మీద గౌరవం పెరిగితే కాస్త తగ్గించుకోండి. నేను అడిగాను, అంతే. లారీ ఇప్పించింది జీఎం గారు. రేకుల్లో సగం వంకర పోయినవేనని కోటయ్య తర్వాత నాకు ఫోను చేసి మరీ చెప్పాడు. ఆ సందర్భంలో అతను వాడిన మాటలు మా వృత్తికి సంబంధించినవి కావు.

ఆ తర్వాత రెండు వారాలు కూడా టీచరు గారు స్లాబు మీద వరిగడ్డి పరిచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపారు. మే నెల నందిగామ ఎండలో ఆ గడ్డి తడి నిలపడమంటే మాటలు కాదు. నెమ్మదిగా బలపడే సిమెంటుకు నీళ్లే ఆహారం. మామూలుగా ఇళ్లు కట్టేవాళ్లు వారం తడిపి వదిలేస్తారు. అలా వదిలేసి ఉంటే నేను ఈ కథ ఇంకోలా రాయాల్సి వచ్చేది.

ఇరవై ఎనిమిదో రోజు క్యూబులు నేనే యంత్రంలో పెట్టాను. అది నాగరాజు పని. ఆ రోజు అతన్ని పక్కకు జరిపాను. బూడిద రంగువి ఎప్పటి బలాన్నే చూపించాయి. గోధుమ రంగువి దానికి కొంచెం తక్కువగా పగిలాయి. నిబంధన కోరే అంకె దాటి, మీద మంచి మిగులుతోనే పగిలాయి. ఇంకో సెట్టు పెట్టాను. అదే మాట. జీఎం గారికి చెప్పాను. ఆయన "హమ్మయ్య" అనలేదు. "ఇంటికెళ్లి స్లాబు మీద కూడా చూసి రా, తర్వాత చెప్పు ఆవిడకి," అన్నారు. హ్యామరుతో మళ్లీ వెళ్లాను. రెండు సగాల మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది.

అప్పుడు టీచరు గారు మెట్ల దగ్గర నిలబడి అడిగారు. "ఒక్క మాట చాలు. పిల్లల్ని కూర్చోబెట్టొచ్చా?"

"కూర్చోబెట్టండి."

ఆ మాటకు నేను ఎలాంటి వివరణా జోడించలేదు. నా ఉద్యోగ జీవితంలో వేలెన్సీ, సంశ్లిష్టం, ఆక్సిజన్ లేకుండా ఇచ్చిన సాంకేతిక సలహా బహుశా అదొక్కటే.

కోటయ్య నడిమి జాకీలు ముందు వదులు చేసి, తర్వాత అంచులవి ఊడదీశాడు. తీసేముందు గోడ నుంచి గోడకు స్లాబు కింద దారం కట్టాడు. రేకులన్నీ దిగాక దారానికీ స్లాబుకూ మధ్య సందు అంచుల్లోనూ నడుమా ఒకేలా ఉంది, అంటే స్లాబు కుంగలేదు. ఆ స్లాబు కింద మొట్టమొదట నిలబడింది నేనేనని మా ఇంట్లో ప్రతీతి. మొదట నిలబడింది టీచరు గారు. రెండోవాడు కోటయ్య. నేను గుమ్మంలో ఉన్నాను, చెప్పులు విప్పుకోవడానికి అక్కడ ఆగాను. చెప్పుల లేసులు ఎక్కువసేపు పట్టాయి. అవి లేసుల్లేని చెప్పులు.

ఆవిడ ఆ హాలు పైకప్పుకు సున్నం వేయించలేదు. జూన్‌లో పిల్లలు వచ్చాక పైకి చూపించి, అటు ఫెర్రిక్కు, ఇటు ఫెర్రస్సు అని పాఠం చెబుతున్నారని నందిగామ డీలరు నాతో అన్నాడు. నేను వెళ్లి వినలేదు. వెళితే నన్ను లేపి ప్రశ్నలు అడుగుతారని వెళ్లలేదు.

ఆ సంఘటన వల్ల వృత్తిపరంగా నాకు తెలిసింది ఇది. పరివర్తన లోహం రంగు మారిందంటే ఎక్కడో ఏదో పరిస్థితి మారింది. ఆ రంగు వల్ల నష్టం ఉండకపోవచ్చు, దాన్ని మార్చిన పరిస్థితి వల్ల ఉండొచ్చు. రంగు ఎందుకు మారిందో రసాయనశాస్త్రం చెబుతుంది. బరువు మోస్తుందో లేదో మోయించి చూస్తేనే తెలుస్తుంది. మొదటి దానికి సమాధానం తెలుసు కదా అని రెండో దానికి కూడా చెప్పేయకూడదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా సిమెంటు రంగు మారిందని ఎవరు ఫోను చేసినా, ఫోను పెట్టాక మొదట కిల్ను దగ్గరకు వెళ్లి క్లింకరు పగలగొట్టి చూసేవాణ్ణి. జవాబు తర్వాత చెప్పేవాణ్ణి. ఫోను చేసిన ప్రతిసారీ వెళ్లానని అనను. ఎక్కువసార్లు వెళ్లాను.